బెల్లం నోట్లో పడేదాకా

సూర్యాపేట,
4 జూన్ 2025.

పెద్దనాయనకు సుధ నమస్కారాలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే "ఇది తెలుగేనా?" అని కోప్పడతావు. అందుకే నువ్వు చెప్పినట్టు తెల్ల కాగితం మీద, మార్జిన్ వదిలి రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది పంపు. నీ ఇంట్లో ఉండి చదువుకున్నన్నాళ్ళూ అదే కదా చేశావు. చెవులు పోయినా పంతులుతనం పోలేదని పెద్దమ్మ అంటోంది.

కొత్త ఉద్యోగం ఏమిటని అడిగావు. మా కంపెనీ చిన్నది, ఇక్కడి ఐటీ హబ్‌లో రెండు గదులు. వేరే దేశాల దుకాణాలు డబ్బు తీసుకునే యాప్ తయారు చేస్తాం. ఆ డబ్బు రూపాయి కాదు, బిట్‌కాయిన్. దానికి బ్యాంకు లేదు, మేనేజర్ లేడు. కొనేవాడు ఫోన్‌లోంచి "ఈ నాణెం ఈ దుకాణానికి" అని ఒక మాట వదులుతాడు. ఆ మాట ఒక కంప్యూటర్ నుంచి పక్కదానికి, అక్కడి నుంచి ఇంకోదానికి పాకి, కొన్ని సెకన్లలో లోకమంతా తెలిసిపోతుంది. కానీ తెలియడం వేరు, ఖాయం కావడం వేరు. అందరూ కలిసి ఉంచుకునే లెక్కల పుస్తకంలో కొత్త పేజీ సుమారు పది నిమిషాలకు ఒకటి పడుతుంది. మాట ఆ పేజీలో ఎక్కితేనే ఖాయం.

కాఫీ తాగడానికి వచ్చినవాడిని అంతసేపు నిలబెట్టలేం కదా. అందుకని చాలా దుకాణాలు మాట కనపడగానే సరుకు చేతిలో పెట్టేస్తాయి. అలా ఖాయం కాని డబ్బును నమ్మి సరుకు ఇవ్వడం ఎంతవరకు భద్రమో తేల్చడమే నా పని. ఎలా తేలుస్తానంటే, దొంగతనం చేసి చూస్తాను.

నిన్న నేను వదిలిన మాట ప్రయాణాన్ని తెర మీద మొదటిసారి చూశాను. ముందు ఒక చుక్క వెలిగింది. తర్వాత జర్మనీలో, బ్రెజిల్‌లో, పేరు కూడా తెలియని దీవుల్లో చుక్కలు వెలుగుతూ పోయాయి. వాళ్ళెవరికీ నేనెవరో తెలియదు. నా మాట మోయమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అయినా మోశారు. నాకు ఒళ్ళు పులకరించింది పెద్దనాయనా. పక్క సీటు అమ్మాయి "ఏమైందే?" అని అడిగితే తెర వైపు చూపించాను.

నీ బిడ్డ,
సుధ


మిర్యాలగూడ,
9 జూన్ 2025.

చిరంజీవి సుధకు పెద్దనాయన దీవెనలు.

నీ ఉత్తరం దిద్ది ఇందులోనే పెట్టాను. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, వత్తులు మాత్రం ఎప్పటిలాగే ఊరి మీద తిరుగుతున్నాయి.

"దొంగతనం చేసి చూస్తాను" అన్న వాక్యం మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. అట్లకాడ చేతిలోనే ఉంది. "గిదేం నౌకరి? పోలీసులొచ్చేలోపు పోయి పిల్లను తీసుకరా" అంటూ నా మీదికి వచ్చింది. ఆమె పెదాలు చదవడానికి నాకు చెవులు అక్కర్లేదు. పరీక్ష కోసం చేసే దొంగతనమని నచ్చజెప్పేసరికి దోశ మాడిపోయింది.

నాకు అర్థం కానిది ఒకటే. బ్యాంకు లేదన్నావు, మేనేజర్ లేడన్నావు. మరి తగవు వస్తే తీర్చేదెవరు? బడికి హెడ్మాస్టర్ ఉంటాడు, తండాకు నాయక్ ఉంటాడు. ఎవరూ లేకుండా ఇన్ని దేశాలవాళ్ళు ఒకే లెక్క మీద ఎలా నిలబడతారు? రెండు రోజులుగా చాయ్ తాగుతూ దీని గురించే ఆలోచిస్తున్నాను. నిజంగా అట్లా జరుగుతుంటే, అది చూసి చచ్చిపోయినా ఫరవాలేదనిపిస్తోంది.

ఇగ అసలు సంగతి. నిన్న గేమ్యా వచ్చాడు. వేములపల్లి పక్క తండా అతనిది, నాతో పాటు పాతికేళ్ళు బళ్ళో చెప్పినవాడు. కొడుకు కార్తీక్‌కు మిర్యాలగూడలోనే బ్యాంకు ఉద్యోగం. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, నాకు కనపడేలా నిదానంగా అన్నాడు: "మీ తమ్ముడు రమేష్ బిడ్డను మా ఇంటికి ఇయ్యరాదు?" నేను ఆలోచించనే లేదు. "ఇచ్చినట్టే పో" అన్నాను. ఆ మనిషి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. నాకూ ఆగలేదు.

మీ నాన్నకు నేనే కోదాడ వెళ్ళి చెబుతాను. నువ్వు తొందరపడి ఫోన్ చేయకు.

పెద్దనాయన,
బీక్యా


సూర్యాపేట,
10 జూన్ 2025.

పెద్దనాయనా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక మళ్ళీ రాస్తున్నాను.

ఆదివారం నాన్న వచ్చాడు. హాస్టల్ ముందు బండి ఆపి, దిగకుండానే మిరపకాయ బజ్జీల పొట్లం చేతిలో పెట్టి, "నీకో సంబంధం కుదిర్చానమ్మా" అన్నాడు. కోదాడలో మన టైర్ల దుకాణం వెనక వీధిలోనే ఇల్లట. అబ్బాయి పేరు చరణ్, కరెంటు ఆఫీసులో పని. వాళ్ళ నాన్న ఫోన్ చేసి అడిగితే నాన్న అప్పటికప్పుడే సరేనన్నాడట. "ఫోన్లోనే మాటిచ్చేశాను. నీ చేత ఉద్యోగం మానిపిస్తామన్నారు. ఇంక ఈ హాస్టల్ కూడు ఉండదుగా నీకు" అన్నాడు.

ఎంత సంబరంగా చెప్పాడో! నేను బజ్జీ నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నానని అనుకుని వెళ్ళిపోయాడు.

అబ్బాయి మంచివాడో కాదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఈ పని మొదలుపెట్టి మూడు నెలలు కాలేదు. తెల్లారితే ఎప్పుడు ఆఫీసు తెరుస్తారా అని ఉంటుంది నాకు. ఇది పోకుండా చూడు.

నాన్నకు నువ్వు చెబితేనే వింటాడు. త్వరగా రాయి.

సుధ


మిర్యాలగూడ,
14 జూన్ 2025.

సుధా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఈపాటికి నాది నీకు అంది ఉంటుంది. గేమ్యాకు నేను మాట ఇచ్చిన రోజే మీ నాన్న నీ చేతిలో బజ్జీల పొట్లం పెట్టాడన్నమాట. ఒక్క పిల్ల, రెండు మాటలు. మన వంశంలో ఇలాంటి తలవంపులు ఎప్పుడూ లేవు.

నిన్న కోదాడ వెళ్ళాను. మీ నాన్న లారీ టైరు విప్పుతున్నాడు. సంగతి చెప్పేసరికి చేతిలోని రాడ్డు కింద పడేశాడు. "ముందు మాటిచ్చింది నేను" అన్నాడు. "పెద్దోణ్ని నేను, నన్నడగకుండ ఎట్లిస్తవ్?" అన్నాను. వాడు కోపంలో గబగబా మాట్లాడితే నాకు పెదాలు అందవు. అది వాడికీ తెలుసు. సుద్దముక్క తీసుకుని టైరు మీద పెద్ద అక్షరాలతో "బిడ్డ నాది" అని రాశాడు. నేను అదే సుద్దముక్క లాక్కుని కింద "పెంచింది నేను" అని రాశాను. లారీ డ్రైవర్ మా ఇద్దరినీ చూసి, "సార్, నా టైరు మీద ఇంకేం రాయకుర్రి, పోలీసులు ఆపుతరు" అన్నాడు.

చాయ్ కూడా తాగకుండా బస్సెక్కాను.

ఇప్పుడు నీ విద్యతో పని పడింది. మీ లెక్కలో ఒకే నాణేన్ని ఇద్దరికి ఇస్తానని చెబితే ఎవరిది చెల్లుతుంది? ముందు చెప్పినవాడిదా, పెద్దవాడిదా? వివరంగా రాయి. నాకు ఒక దారి కనపడాలి. గేమ్యాకు ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదు.

బీక్యా


సూర్యాపేట,
17 జూన్ 2025.

పెద్దనాయనా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. టైరు మీద రాతల సంగతి చదివి ముందు నవ్వాను, తర్వాత ఏడుపొచ్చింది.

అడిగావు కాబట్టి చెబుతాను. ముందు చెప్పినవాడే గెలవాలని లేదు. పెద్దవాడు, చిన్నవాడు అనే తేడా అక్కడ లేదు. రెండు మాటలూ గాలిలో పరుగెత్తుతుంటాయి. కొన్ని కంప్యూటర్లు ముందు విన్నదాన్ని పట్టుకుంటాయి. చాలావరకు, పేజీ రాసేవాళ్ళకు ఎక్కువ రుసుము పెట్టిన మాట వస్తే పాతదాన్ని వదిలేసి కొత్తదాన్ని తీసుకుంటాయి. తర్వాతి పేజీ రాసే అవకాశం ఎవరికి దక్కుతుందో ఎవరికీ ముందు తెలియదు. వాళ్ళు ఏ మాటను ఎక్కిస్తే అది నిజం. రెండోది అసలు పుట్టనట్టే మాయమైపోతుంది.

మొన్న నేను నా దొంగతనం చేశాను. పరీక్ష దుకాణానికి డబ్బు పంపాను. అక్కడ పచ్చదీపం వెలిగింది, వాళ్ళు సరుకు ఇచ్చేశారు. వెంటనే అదే నాణేన్ని, ఎక్కువ రుసుముతో, ఇంకోచోటికి పంపాను. ఎక్కడికో తెలుసా? నాకే. దొంగలు ఎక్కువగా చేసేది అదే, రెండో మాటను తమ దగ్గరికే తిప్పుకుంటారు. కాసేపటికి పేజీ పడింది. దుకాణం తెర మీద డబ్బు లేదు. పచ్చదీపం వెలిగిన చోట ఖాళీ.

ఆ ఖాళీని మళ్ళీ మళ్ళీ చూశాను. భయమూ వేసింది, దండం పెట్టాలనీ అనిపించింది. చూడు, తగవు తీర్చేదెవరని అడిగావు కదా. ఎవరూ లేరు. ఒకరి ముఖం ఒకరికి తెలియని అన్నివేలమంది ఒకే పేజీ దగ్గరికి వచ్చి ఆగారు. నాకు రోజూ చూసినా అలవాటు కావడం లేదు.

నేను తేల్చింది ఇది: పూర్తి భద్రత లేదు, కాపలా మాత్రమే ఉంది. చాలాచోట్ల చెవులు పెట్టి వినాలి. రెండో మాట ఎక్కడైనా వినపడితే దుకాణదారుడికి వెంటనే గంట కొట్టాలి. కాఫీ అయితే ఇచ్చెయ్యొచ్చు, పోతే పోతుంది. బంగారం అయితే పేజీ పడేదాకా, ఆ పైన మరికొన్ని పేజీలు పడేదాకా చేతిలోంచి వదలకూడదు.

రాస్తుంటే మన తండాయే గుర్తొస్తోంది. పెళ్ళి మాటలు ఎన్నైనా అనుకోవచ్చు, నాయక్ ముందు తండా అంతా బెల్లం ముక్క నోట్లో వేసుకుంటేనే కదా ఖాయం. కాగితం లేదు, సంతకం లేదు. తిన్న ప్రతివాడూ సాక్షి. బెల్లం తినేలోపు ఏదైనా మారవచ్చు. ఆ సంగతి కొంచెం ఆలోచించు పెద్దనాయనా. ఇంతకన్నా ఎలా రాయాలో తెలియడం లేదు.

సుధ


మిర్యాలగూడ,
21 జూన్ 2025.

బంగారు తల్లి సుధకు,

శెభాష్! నువ్వు విప్పి చెప్పకపోయినా నీ సూచన నాకు అందింది. పంతులు బిడ్డవనిపించుకున్నావు.

ముందు మాట ఎవరిదన్నది లెక్కలోకి రాదు. బెల్లం ఎవరిది ముందు పడితే వాళ్ళదే సంబంధం. అంతే కదా? ఉత్తరం అందిన రోజే నిడమనూరు బస్సెక్కి తండాకు పోయాను. ఈ నెల ఇరవై తొమ్మిది, ఆదివారం, బెల్లం పెట్టించమని నాయక్‌ను అడిగాను. రుసుము సంగతి కూడా మరిచిపోలేదు. ఒక మేకపోతును తోలుకుపోయి ఆయన దొడ్లో కట్టేసి వచ్చాను.

కానీ మీ నాన్న కూడా తక్కువవాడు కాదు. నేను తండాలో తిరిగినట్టు ఎవరో చేరవేశారు. మర్నాడే ఇంకో మేకపోతును తెచ్చి అదే దొడ్లో కట్టాడు, నాదానికన్నా బలిసినదాన్ని. నాయక్ రెండూ ఉంచుకున్నాడు! "రెండిండ్లోళ్ళు ఆదివారమే రండి. బెల్లం పళ్ళెం ఒకటే. ఎవరి పేరు మీద తింటరో తండా సూసుకుంటది" అన్నాడట. మా అమ్మ, మీ దాది భూలి, మేకలకు గడ్డి వేస్తూ మా ఇద్దరినీ లంబాడీలో తిట్టిందట. వినపడనందుకు మొదటిసారి సంతోషించాను.

ఒట్టి మాటలు కావు సుధా, నేను గెలుస్తాను. కార్తీక్ నిన్ను ఉద్యోగం మానమనడు. కావాలంటే గేమ్యా చేత అందరిముందూ చెప్పిస్తాను. నిశ్చింతగా ఉండు.

పెద్దనాయన


సూర్యాపేట,
24 జూన్ 2025.

పెద్దనాయనా,

ఎంత పని చేశావు! నేను రాసింది అది కాదు. తొందరపడమని కాదు, ఆగమని. విప్పి రాయడానికి సిగ్గుపడ్డాను, అందుకే ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు సిగ్గుపడను.

నన్నెవరూ అడగలేదు. నాన్న అడగలేదు, నువ్వు అడగలేదు. నువ్వు కూడా అడగకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వత్తు తప్పితే ఎందుకు తప్పిందని అడిగేవాడివి. పెళ్ళి సంగతి వచ్చేసరికి "ఇచ్చినట్టే పో" అన్నావు.

ఆదివారం నేను రాను. వస్తే నాన్న ముఖం చూసి మళ్ళీ నోరు పెగలదు. ఈ కింద రాసింది బెల్లం పంచాక, ఎవరూ తినకముందు, అందరికీ చదివి వినిపించు. నా మీద ఏమాత్రం ప్రేమ ఉన్నా చదువు. తర్వాత ఎలా జరిగితే అలా జరగనీ.

"తండా పెద్దలకు, తల్లులకు రమేష్ బిడ్డ సుధ దండాలు. నా పేరు మీద రెండిండ్లకు మాట పోయింది. రెండూ ప్రేమతో ఇచ్చినవే. కానీ ఇచ్చినవాళ్ళు వాళ్ళు, పోవలసింది నేను. ఆ రెండు మాటలూ ఇంకా ఖాయం కాలేదు కాబట్టి, నన్ను నేను నా దగ్గరికే తిప్పుకుంటున్నాను. దొంగ కూడా ఇలాగే చేస్తాడు. కానీ దొంగ సరుకు తీసుకున్నాక, ఎవరికీ చెప్పకుండా తిప్పుకుంటాడు. నేను ఎవరి సొమ్మూ ముట్టకముందే మీ అందరి ముందూ చెబుతున్నాను. చరణ్ వాళ్ళింటికి, కార్తీక్ వాళ్ళింటికి కలిగిన కష్టానికి నన్ను మన్నించండి. నాకు ఈ ఉద్యోగం చేయాలని ఉంది. పెళ్ళి ఎప్పుడు చేసుకోవాలో, ఎవరిని చేసుకోవాలో నన్ను అడగండి. అడిగాక చెబుతాను. ఇది విన్నాక కూడా బెల్లం తింటే తినండి. తిన్నదాన్ని కాదనే ధైర్యం నాకు లేదు."

అంతే పెద్దనాయనా. ఈసారి తప్పులు దిద్దకు.

సుధ


మిర్యాలగూడ,
30 జూన్ 2025.

నా తల్లీ,

నిన్న జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను. రాత్రి కన్ను మూతపడలేదు.

నీ ఉత్తరం అందినప్పుడు నాకు కోపం వచ్చింది. చింపేద్దామనుకున్నాను. మీ పెద్దమ్మ నా చేతిలోంచి లాక్కుని చదివి, "సదువుతవా, నన్ను సదవమంటవా?" అంది. మడిచి జేబులో పెట్టుకున్నాను.

తండా అంతా వచ్చింది. చరణ్ వాళ్ళు కోదాడ నుంచి జీపులో వచ్చారు. గేమ్యా కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. నాయక్ పళ్ళెం తిప్పించాడు. చంటిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరి అరచేతుల్లో బెల్లం ముక్క. అప్పుడు లేచి నిలబడి చదివాను. నా గొంతు నాకే వినపడదు కదా, గట్టిగా చదివానో మెల్లగా చదివానో తెలియదు. "ఇచ్చినవాళ్ళు వాళ్ళు, పోవలసింది నేను" అన్న చోట అక్షరాలు అలుక్కుపోయాయి. తుడుచుకుని మళ్ళీ చదివాను.

చదవడం అయ్యాక తలెత్తడానికి భయమేసింది. ఎవరు ఏమంటున్నారో నాకు వినపడదు. అందుకని ముఖాలు చూడలేదు, చేతులు చూశాను.

చరణ్ నాన్న లేచి మీ నాన్న వైపు వేలు చూపిస్తూ ఏదో అరిచాడు. మెడనరాలు ఉబ్బాయి. ఆయన్ను తప్పుపట్టలేను, నమ్మి వచ్చాడు. జీపెక్కి వెళ్ళిపోయారు. చరణ్ మాత్రం వెళ్ళేముందు తన ముక్కను జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టి, నాకు దండం పెట్టాడు. మంచి పిల్లాడు సుధా. ఆ మాట చెప్పడం నా ధర్మం.

తర్వాత మా అమ్మ లేచింది. కర్ర పట్టుకుని పళ్ళెం దాకా నడిచి, తన ముక్క అందులో వేసింది. ఆ వెనక ఒక కోడలు. ఆ వెనక పొలం నుంచి వచ్చిన మగవాళ్ళు. గేమ్యా వేశాడు, కార్తీక్ వేశాడు. పసిపిల్లల పిడికిళ్ళు విప్పి తల్లులు వేశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నాయక్ నోరు తెరవనే లేదు, ఆయన పెదాలు నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కడంటే ఒక్కడు తినలేదు తల్లీ! పుట్టి బుద్ధెరిగాక నా తండాను ఇట్లా చూడలేదు. పెళ్ళాలతో, పాలివాళ్ళతో, పొలం గెట్ల దగ్గర, నీళ్ళ దగ్గర పొద్దున లేస్తే కొట్లాడుకునే జనం వాళ్ళు. అంతమంది ఒకే పని చేస్తుంటే నా కాళ్ళ కింద నేల నిమ్మళంగా కదిలినట్టయింది. ఏడ్చాను. సిగ్గుపడలేదు. మేనేజర్ లేకుండా ఎలా అని నిన్ను అడిగాను కదా, ఇగ అడగను.

చివరికి మీ నాన్న ఒక్కడే మిగిలాడు. పిడికిలి బిగించి కూర్చున్నాడు. పళ్ళెం పట్టుకున్న మనిషి వాడి ముందు నిలబడ్డాడు. తండా అంతా వాడినే చూస్తోంది. కన్నతండ్రి నోట్లో వేసుకుంటే ఇగ మాట్లాడేదేముంది?

వాడు లేచి, పళ్ళెం దాటి, నా దగ్గరికి వచ్చాడు. నా చెయ్యి తీసుకుని అరచేతిలో తన ముక్క పెట్టాడు. చెమటకు సగం కరిగిపోయి ఉంది. నాకు అర్థమయ్యేలా నిదానంగా, పెదాలు విడివిడిగా కదుపుతూ అన్నాడు: "అన్నా, గిది దానికి పంపు."

మేకపోతులను నాయక్ తిరిగి ఇచ్చేశాడు, అవి ఇప్పుడు మా అమ్మ పెరట్లో మొక్కలన్నీ మేస్తున్నాయి. మీ నాన్న నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. కోదాడలో చరణ్ వాళ్ళ ముందు రోజూ తిరగాల్సింది వాడే కదా, కొన్నాళ్ళు పడుతుంది. గేమ్యా దగ్గరికి రేపు నేను వెళతాను. నిన్ను అడగనందుకు నీకు చెప్పుకోవాల్సింది నేను వచ్చి ఎదురుగా చెప్పుకుంటాను.

ముక్కను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఈ ఉత్తరంతో పెట్టాను. చీమలు పట్టకుండా డబ్బాలో పెట్టుకో. ఎవరి పేరు మీద తింటావో, ఎప్పుడు తింటావో, అసలు తింటావో లేదో నీ ఇష్టం. అప్పటిదాకా తండాలో ఎవరం తినం.

నీ పెద్దనాయన,
బీక్యా